పరీక్షలు రద్దైతే అయ్యాయి, రాయించడం ఎందుకు మానేశాం?

తెలంగాణలో 2020లో పదో తరగతి చదివిన పిల్లలకు ఏం జరిగిందో ఒకసారి వరసగా చూడండి. మార్చి 19న పబ్లిక్ పరీక్షలు మొదలయ్యాయి. తెలుగు రెండు పేపర్లు, హిందీ ఒకటి రాశారు. మిగతావి వాయిదా వేయమని హైకోర్టు చెప్పింది. 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. మొత్తం 11 పేపర్లలో 8 అలాగే ఉండిపోయాయి. జూన్ 8న వాటిని రద్దు చేసి అందరినీ పాస్ చేశారు. ఆ తర్వాత ఇంటర్ మొదటి ఏడాది టీవీ ముందూ ఫోన్ ముందూ గడిచింది. 2021 ఏప్రిల్‌లో ఆ పరీక్షలు కూడా లేకుండానే రెండో ఏడాదిలోకి పంపారు. తీరా రెండో ఏడాది పాఠాలు నడుస్తుంటే, అక్టోబర్ 25 నుంచి మొదటి ఏడాది పరీక్షలు పెట్టారు. డిసెంబర్ 16న ఫలితాలు వచ్చాయి. 4,59,242 మంది రాస్తే 2,24,012 మంది పాసయ్యారు. అంటే 49 శాతం.

మొదటి పేపరు నుంచి చివరి పేపరు దాకా ఈ పిల్లలు రాసిన తొలి పబ్లిక్ పరీక్ష అదే. అందులో సగానికి పైగా ఫెయిలయ్యారు.

వీళ్లనే మనం ‘కరోనా బ్యాచ్’ అన్నాం. చదవకుండా పాసైన అదృష్టవంతులని కొందరన్నారు. సర్టిఫికెట్‌కు విలువ లేదని కొందరన్నారు. రెండూ అన్యాయమే. పరీక్షలు రద్దు చేయడం తప్పని నేను అనను. నా వాదన వేరు. పబ్లిక్ పరీక్ష రద్దైన రోజునే పిల్లల చేత కూర్చోబెట్టి రాయించడం కూడా ఆగిపోయింది. బడిలో, కాలేజీలో, ఇంట్లో మూడు చోట్లా ఆగిపోయింది. నష్టం అక్కడ జరిగింది. అందులో తల్లిదండ్రుల చేతిలో ఉన్న భాగం మనం అనుకున్నదానికంటే ఎక్కువ.

రద్దు విషయంలో ఇప్పటికీ కొందరికి అనుమానం ఉంది కాబట్టి ముందు అది తేల్చుకుందాం. 2021 మే మొదట్లో దేశంలో రోజుకు 4 లక్షలకు పైగా కేసులు. 15 నుంచి 18 ఏళ్ల పిల్లలకు టీకా 2022 జనవరి 3న గానీ మొదలు కాలేదు. ఆంధ్రప్రదేశ్ చివరిదాకా పరీక్షలు పెడతాననే అంది. గదికి 15 మంది కంటే ఎక్కువ ఉండరని సుప్రీంకోర్టుకు చెప్పింది. 5 లక్షల మందిని 15 చొప్పున కూర్చోబెట్టాలంటే 33 వేలకు పైగా గదులు కావాలి. గదికో ఇన్విజిలేటర్ అనుకున్నా 33 వేల మంది. వాళ్లు కాక చీఫ్ సూపరింటెండెంట్లు, పేపర్లు మోసేవాళ్లు, బస్సు డ్రైవర్లు, బయట ఎదురుచూసే తల్లిదండ్రులు. తర్వాత ఆ జవాబు పత్రాలను క్యాంపుల్లో కూర్చుని దిద్దాలి. ఒక్క ప్రాణం పోయినా కోటి రూపాయల దాకా పరిహారం ఇవ్వమంటామని కోర్టు హెచ్చరించింది. 2021 జూన్ 24న రాష్ట్రం టెన్త్, ఇంటర్ రెండూ రద్దు చేసుకుంది. ఆ నిర్ణయం అంత ఆలస్యం కావడమే నాకు బాధ. మే 5న మొదలవ్వాల్సిన ఇంటర్ పరీక్షల కోసం జూన్ చివరిదాకా పిల్లలు అదే సిలబస్‌ను తిరగేస్తూ, రాస్తామో రాయమో తెలియకుండా గడిపారు.

సరే, రద్దైంది. మరి మార్కులు ఎక్కడి నుంచి తెచ్చారు? తల్లిదండ్రుల్లో చాలామంది మెమోలో పైన పేరు, కింద గ్రేడు చూసి లోపల పెట్టేశారు. ఆ అంకె ఎలా పుట్టిందో తెలిస్తేనే అది పిల్లవాడి గురించి ఏం చెబుతుందో, ఏం చెప్పదో అర్థమవుతుంది.

తెలంగాణ టెన్త్‌లో ఒక్కో సబ్జెక్టులో 20 మార్కులు ఇంటర్నల్స్‌వి, అంటే బడిలో టీచర్లే వేసేవి. వాటిని ఐదుతో హెచ్చించి 100కి చేశారు. 18 వస్తే 90 అవుతుంది. 81 నుంచి 90 దాకా ఏ2 గ్రేడు, 9 పాయింట్లు. 19 వస్తే 95, ఏ1 గ్రేడు, 10 పాయింట్లు. అంటే ఎప్పుడో టీచర్ ప్రాజెక్టు నోటుబుక్ చూసి వేసిన ఒక్క మార్కు ఇప్పుడు ఒక గ్రేడు తేడా అయింది. 2020లో కనీసం ఏడాది పొడవునా బడిలో జరిగిన నాలుగు ఫార్మేటివ్ పరీక్షలు (ఎఫ్‌ఏలు) ఉన్నాయి. 2021లో ఎఫ్‌ఏ-1 ఒక్కటే దిక్కు. ఫలితం ఏమైందంటే 5,21,073 మందిలో 2,10,647 మందికి 10కి 10 జీపీఏ వచ్చింది. ప్రతి ఐదుగురిలో ఇద్దరు.

వెంటనే ఏం జరిగిందో గుర్తుందా? బాసర ట్రిపుల్ ఐటీలో అప్పట్లో మామూలుగా టెన్త్ జీపీఏ చూసి సీట్లిచ్చేవారు. రెండు లక్షల మందికి పదికి పది వస్తే ఎవర్ని ఎంచుతారు? ఆ ఏడాది పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ ర్యాంకు చూసి ఇచ్చారు. ఎంసెట్‌లో ఇంటర్ మార్కులకు ఉండే 25 శాతం వెయిటేజీని రెండు రాష్ట్రాలూ 2021లో పక్కన పెట్టాయి. ఎన్‌ఐటీల్లో చేరడానికి ఇంటర్‌లో 75 శాతం ఉండాలన్న నిబంధన కూడా ఆ ఏడాది సడలించారు. అంటే అందరికీ మార్కులు పంచిన వ్యవస్థే ఆ మార్కులను నమ్మలేదు. బరువంతా ప్రవేశ పరీక్ష మీద పడింది. కోచింగ్‌కు డబ్బులున్న ఇంటికి అది పెద్ద ఇబ్బంది కాలేదు. టెన్త్‌లో నికరంగా 9.7 తెచ్చుకుని బాసర మీద ఆశ పెట్టుకున్న జిల్లా పరిషత్ హైస్కూల్ పిల్లకు మాత్రం ఉన్న ఒక్క దారీ మారిపోయింది.

ఇంటర్‌ది ఇంకో కథ. అక్కడ ఇంటర్నల్స్ అనేవే లేవు. కాలేజీలో యూనిట్ టెస్టులు పెట్టినా బోర్డుకు వాటితో పనిలేదు. కాబట్టి 2021 రెండో ఏడాది పిల్లల గురించి బోర్డు దగ్గర ఉన్న రాతకాగితం ఒక్కటే, 2020 మార్చిలో రాసిన మొదటి ఏడాది పరీక్ష. తెలంగాణ బోర్డు ఆ మార్కులనే రెండో ఏడాదికీ వేసేసింది. ఎంపీసీలో మొదటి ఏడాది 470కి. అందులో 380 వచ్చిన అమ్మాయికి రెండో ఏడాది థియరీలో మళ్లీ అదే 380, ప్రాక్టికల్స్‌కు 60కి 60, మొత్తం 1000కి 820. మొదటి ఏడాది సబ్జెక్టు తప్పినవాళ్లకు అందులో పాస్ మార్కులు వేశారు. కొత్త కాలేజీ, కొత్త మీడియం, హాస్టల్, ఇంటి మీద బెంగతో మొదటి ఏడాది తడబడి రెండో ఏడాదిలో నిలదొక్కుకునే పిల్లలు ప్రతి క్లాసులో ఉంటారు. వాళ్ల తడబాటు రెండుసార్లు లెక్కకొచ్చింది, నిలదొక్కుకోవడం ఒక్కసారి కూడా రాలేదు.

ఆంధ్రప్రదేశ్ కాస్త నయం. టెన్త్‌లో బాగా వచ్చిన మూడు సబ్జెక్టుల నుంచి 30 శాతం, ఇంటర్ మొదటి ఏడాది నుంచి 70 శాతం తీసుకుంది. కానీ అందులోనూ రెండో ఏడాదిలో రాసినదేదీ లేదు. సీబీఎస్‌ఈ 12వ తరగతికి 30:30:40 పెట్టింది. టెన్త్ నుంచి 30, పదకొండు నుంచి 30, పన్నెండులో బడి పెట్టిన యూనిట్ టెస్టులు, ప్రీబోర్డుల నుంచి 40. దాని మీదా తగాదాలొచ్చాయి. అయినా ఆ 40 ఎక్కడి నుంచి వచ్చింది? బడులు ఆ ఏడాది ఏదో ఒకటి రాయించాయి కాబట్టి, ఆ మార్కులు ఎక్కడో నమోదై ఉన్నాయి కాబట్టి వచ్చింది. మన ఇంటర్‌లో అలాంటిది లేకపోవడమే అసలు లోటు. కరోనా దాన్ని బయటపెట్టింది, అంతే.

ప్రాక్టికల్స్‌కు పూర్తి మార్కులు వేయడం గురించి కొంచెం ఆగి చెప్పాలి. రెండో ఏడాది కెమిస్ట్రీ ల్యాబ్‌లో పిల్లలకు ముఖ్యమైన పని టైట్రేషన్, అంటే ఒక ద్రావణంలోకి ఇంకోదాన్ని కొలిచి వదులుతూ గాఢత కనుక్కోవడం. పిపెట్‌తో 20 మిల్లీలీటర్ల ఆగ్జాలిక్ ఆమ్లం కోనికల్ ఫ్లాస్కులోకి తీసుకుని, సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి, ఆవిర్లు వచ్చేదాకా, అంటే 60, 70 డిగ్రీల దాకా వేడి చేసి, కొలతలున్న గాజు గొట్టం, అంటే బ్యూరెట్ నుంచి పొటాషియం పర్మాంగనేట్ వదలాలి. వేడి చాలకపోతే మొదటి చుక్కల రంగు ఎంతకీ పోదు. పిల్లవాడు అదే ఎండ్ పాయింట్ అనుకుని ఆపేస్తాడు. ఆమ్లం తక్కువైతే గోధుమరంగు మడ్డి దిగుతుంది, ఆ రీడింగ్ పారేయాల్సిందే. చివరి ఒక మిల్లీలీటర్‌లో ఎడమచేత్తో స్టాప్‌కాక్ తిప్పుతూ, కుడిచేత్తో ఫ్లాస్కు ఊపుతూ చుక్కచుక్కగా వదలాలి. లేత గులాబీ రంగు అరనిమిషం నిలిచిందంటే అయినట్టు. రెండు రీడింగులు ఒకటయ్యేదాకా మళ్లీమళ్లీ చేయాలి. వీడియోలో గులాబీ రంగు కనిపిస్తుంది. చెయ్యి నేర్చుకోవాల్సింది మాత్రం వీడియోలో ఉండదు. బ్యూరెట్ ముట్టుకోని పిల్లకు 30కి 30 వేసి పంపిస్తే ఆమె బీఎస్సీలోనో బీఫార్మసీలోనో మొదటి ల్యాబ్‌లో నిలబడి తనకే చేతకాదనుకుంటుంది. మార్కులు ఇవ్వొద్దని కాదు నేననేది. ‘ప్రాక్టికల్ జరగలేదు’ అని మెమో మీద ఒక్క ముక్క రాసి ఉంటే, డిగ్రీ కాలేజీ మొదటి రెండు వారాలు బ్యూరెట్ పట్టుకోవడం నేర్పేది. జరిగినట్టు రాయడం వల్ల ఆ అవకాశం పోయింది.

ఇక ఇంట్లో జరిగింది. తెలంగాణలో 2020 సెప్టెంబర్ 1 నుంచి టీ-శాట్, దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు వచ్చాయి. ఆంధ్రలో సప్తగిరి ఛానల్‌లో వచ్చాయి. ప్రైవేటు కాలేజీలు జూమ్‌లో చెప్పాయి. తక్కువ క్వాలిటీలో వీడియో చూసినా గంటకు దాదాపు 300 ఎంబీ అవుతుంది. రోజుకు 1.5 జీబీ ప్యాకేజీ ఐదు గంటలకు సరి. ఇంట్లో ఇద్దరు చదివేవాళ్లుంటే మధ్యాహ్నానికే నెట్ అయిపోయేది. ఫోన్ నాన్నది అయితే ఆయన పనికి వెళ్లాక పాఠం ఉండదు. రాత్రి తొమ్మిది తర్వాత యాప్‌లో రికార్డింగ్ చూడాలి. అప్పటికి పిల్లలు మంచం మీద పడుకుని చూస్తారు. చేతిలో పెన్ను ఉండదు. ఇదంతా తల్లిదండ్రులు కళ్లారా చూసినదే. అయినా మనం అడిగిన ప్రశ్న ఏమిటి? ‘క్లాస్ విన్నావా?’ విన్నానంటారు. నిజంగానే విని ఉంటారు. అడగాల్సింది ‘ఈరోజు ఏం రాశావు, చూపించు’ అని.

వినడానికీ రాయడానికీ మధ్య దూరం ఎంతో ఒక లెక్కతో చెబుతాను. ఈ బ్యాచ్ చదివిన ఇంటర్ మొదటి ఏడాది మ్యాథ్స్-1ఏలో మాత్రికల నుంచి 7 మార్కుల ప్రశ్న వచ్చేది. మూడు సమీకరణాలు ఇచ్చి క్రామర్ పద్ధతిలో సాధించమనేవారు. డెల్టా, డెల్టా-1, డెల్టా-2, డెల్టా-3 అని నాలుగు నిర్ధారకాలు కట్టాలి. ఒక్కోదాన్ని విస్తరిస్తే ఆరు లబ్ధాలు వస్తాయి. నాలుగింటికీ 24. వీడియోలో లెక్చరర్ మొదటిది పూర్తిగా చేసి, ‘మిగతావీ ఇలాగే’ అని జవాబులు వేసేస్తారు. తప్పులు దొర్లేదంతా ఆ మిగతావాటిలోనే. మధ్య పదానికి మైనస్ గుర్తు పెట్టడం మరిచిపోతారు. డెల్టా-2లో రెండో నిలువు వరుస తీసి స్థిరపదాలు పెట్టాల్సింది పోయి మొదటి వరుసే మళ్లీ మారుస్తారు. చివరికి ఎక్స్ విలువ 17/23 లాంటిదేదో వస్తుంది. అప్పటికి అరగంట. పరీక్షలో దానికి 18 నిమిషాలకు మించి లేదు.

ఆ 18 నిమిషాలు ఎలా వచ్చాయంటే, పేపరు మూడు గంటలు, 75 మార్కులు. రెండు మార్కులవి పది, అన్నీ రాయాలి. నాలుగు మార్కులవి ఏడు ఇస్తే ఐదు రాయాలి, ఏడు మార్కులవి ఏడు ఇస్తే ఐదు రాయాలి. రెండు మార్కులదానికి 3 నిమిషాల చొప్పున 30, నాలుగు మార్కులదానికి 9 చొప్పున 45, ఏడు మార్కులదానికి 18 చొప్పున 90. మొత్తం 165. మిగిలిన పావుగంట సరిచూసుకోడానికి. ఏడాదిన్నర పాటు గూగుల్ ఫారంలో బిట్లు పెట్టిన పిల్లకు ఈ లెక్క తెలియదు. నాలుగు ఆప్షన్లు కనిపిస్తే జవాబు గుర్తుపట్టగలదు. తెల్ల కాగితం మీద మొదటి లైను ఏం రాయాలో మాత్రం తోచదు. పైగా స్టెప్పులకు మార్కులుంటాయి. సూత్రం రాసి, విలువలు ప్రతిక్షేపించి, చివర్లో తప్పు చేసినా నాలుగైదు మార్కులు వస్తాయి. జవాబు ఒక్కటే రాస్తే అవీ రావు. ఆ సంగతి ఎవరో ఒకరు పేపరు దిద్ది ఇచ్చినప్పుడే పిల్లలకు తెలుస్తుంది.

చదువుకోని తల్లిదండ్రులు ఏం చేయగలరని అడుగుతారు. చాలా చేయగలరు, సబ్జెక్టు తెలియక్కర్లేదు. బడి మూతపడ్డ కాలంలోనే కాదు, ఇప్పుడు ఏ కారణంతో పిల్లలు ఇంట్లో చదువుతున్నా ఇదే పద్ధతి. పాత మార్చి ప్రశ్నపత్రం ఒకటి తీసుకోండి, పూర్తి సిలబస్‌తో మామూలుగా జరిగిన పరీక్షది అయితే మంచిది. మొదటి రోజే మొత్తం పేపరు ఇవ్వొద్దు. అయిపోయిన పాఠం నుంచి పెద్ద ప్రశ్న ఒకటి, చిన్నవి నాలుగు చాలు. మొదటి వారం 40 నిమిషాలు. ఫోన్ పక్క గదిలో ఉండాలి, టైమ్ చూసుకోడానికి గోడ గడియారం. ప్రతి జవాబు మొదలుపెట్టినప్పుడూ ముగించినప్పుడూ పిల్లవాడే మార్జిన్‌లో టైమ్ రాయాలి. తెలియని చోట ఒక గీత గీసి ముందుకు వెళ్లాలి, మధ్యలో పుస్తకం తీయకూడదు.

రాసింది మీ చేతికొచ్చాక మీరు చూడాల్సినవి మూడే. ఎన్ని ప్రశ్నలు మొదలుపెట్టాడు, ఎన్ని పూర్తి చేశాడు. ఏ జవాబుకు ఎంతసేపు పట్టింది. ఎక్కడ గీత గీశాడు. ఈ మూడూ తెలుసుకోడానికి త్రికోణమితి రానక్కర్లేదు. గీత గీసిన చోటు ఒక్కటి లెక్చరర్‌కు వాట్సాప్‌లో పంపండి. పది పేజీలు పంపితే ఎవరూ చూడరు, ఆయన గ్రూపులో 80 మంది ఉంటారు. ‘ఈ లైను తర్వాత పిల్లకు రావడం లేదు సార్’ అని ఒక్క ఫొటో పెడితే జవాబు వస్తుంది. ఫొటో పగటి వెలుతురులో, కిటికీ పక్కన తీయండి, ట్యూబ్‌లైట్ కింద తీస్తే ఫోన్ నీడ కాగితం మీద పడి పెన్సిల్ అంకెలు కనిపించవు.

వారం వారం 20 నిమిషాలు పెంచుతూ పోవాలి. చెయ్యి కూడా అలవాటు తప్పుతుంది. నెలల తరబడి రాయని పిల్లకు ముప్పావుగంటకే వేళ్లు లాగుతాయి, అక్షరం చెదురుతుంది, తర్వాత తొందరలో అంకెలు మారిపోతాయి. 40 నిమిషాల నుంచి మూడు గంటలకు చేరాలంటే ఈ లెక్కన మరో ఏడు వారాలు. కాగితాలన్నీ తేదీ వేసి ట్యాగ్ కట్టి ఉంచండి, చిత్తుకాగితాలతో పారేయొద్దు. ఎనిమిదో వారంలో మొదటి వారం కాగితం పక్కన పెట్టి చూపిస్తే పిల్లలకు ఎవరూ ధైర్యం చెప్పక్కర్లేదు.

ఇప్పుడు 2021 అక్టోబర్ దగ్గరికి వెళ్దాం. కాలేజీలు 2021 ఫిబ్రవరి 1న తెరిచి, రెండు నెలలు నిండకుండానే మార్చి 24 నుంచి మళ్లీ మూశారు. సెప్టెంబర్ 1న మళ్లీ తెరిచారు. అప్పటికి ఈ పిల్లలు రెండో ఏడాది సిలబస్‌లో ఉన్నారు. మొదటి ఏడాది పరీక్షకు సుమారు నెలరోజుల ముందు టైమ్‌టేబుల్ చేతికొచ్చింది. సిలబస్ 70 శాతానికి తగ్గించామన్నారు, ఛాయిస్ పెంచామన్నారు. రెండూ నిజమే. కానీ చేతికి ఏడు వారాలు కావాల్సిన చోట నాలుగు వారాలిచ్చారు, అవీ వేరే సిలబస్ పాఠాల మధ్యలో. ఛాయిస్ ఎంత పెంచినా, మొదటి లైను రాయడం అలవాటు లేనివాళ్లకు ఏడు ప్రశ్నలున్నా పది ప్రశ్నలున్నా ఒకటే. ఆ 49 శాతం చూసి ‘పిల్లలు ఫోన్లు పట్టుకుని పాడైపోయారు’ అన్నవాళ్ల మీద నాకు కోపం. ఏడాదిన్నరలో ఒక్కసారి కూడా వాళ్ల జవాబు పత్రం దిద్ది ఇవ్వని పెద్దవాళ్లందరి ఫలితం అది.

ఆ వారంలో కొందరు పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. డిసెంబర్ 24న అప్పటి విద్యాశాఖ మంత్రి సబితా ఇంద్రారెడ్డి ఫెయిలైన అందరినీ కనీస మార్కులతో పాస్ చేస్తున్నట్టు ప్రకటించారు. వారం ముందు ఫెయిలన్న పిల్లలే వారం తర్వాత పాస్. ఫలితాల రోజుల్లో మీ ఇంట్లో పిల్లలు తిండి మానేసి, తలుపు వేసుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా ఉంటే మార్కుల చర్చ పక్కనపెట్టి 14416కి ఫోన్ చేయండి. టెలి మానస్ అది, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

కనీస మార్కులంటే ఎంతో చాలా ఇళ్లలో లెక్క వేసుకోలేదు. 100కి 35, 75కి 26, 60కి 21. ఎంపీసీలో అన్నీ కనీసమే అయితే మొదటి ఏడాది 470కి 164. చాలా కంపెనీలు క్యాంపస్‌కు వచ్చినప్పుడు టెన్త్, ఇంటర్, బీటెక్ మూడింటిలోనూ 60 శాతం అడుగుతాయి. ఇంటర్‌లో 1000కి 600 కావాలంటే ఈ పిల్లవాడు రెండో ఏడాది 530కి 436 తేవాలి. అంటే 82 శాతం. సంబరం చేసుకున్న రోజునే ఈ లెక్క వేసుకోవాల్సింది. మార్కులు పెంచుకోడానికి మొదటి ఏడాది పేపర్లు మళ్లీ రాసే ఇంప్రూవ్‌మెంట్ దారి ఉండేది, కానీ 2022 మేలో రెండో ఏడాది పేపర్లతో పాటే రాయాల్సి వచ్చింది. అన్ని సబ్జెక్టులకూ కట్టడం మంచిది కాదు. ఇంగ్లిష్, రెండో భాష అప్పుడు 100 మార్కుల పేపర్లు, అక్కడ 35 నుంచి 75కి వెళ్లడం మ్యాథ్స్‌లో 26 నుంచి 66కి వెళ్లడం కంటే సులువు. ఆ రెంటికి కట్టి, మిగతా శక్తి అంతా రెండో ఏడాది మీద పెట్టినవాళ్లు తెలివైన పని చేశారు. ఇప్పుడు ఇంప్రూవ్‌మెంట్ కట్టే పిల్లలకూ నేను చెప్పేది అదే.

ఇంకో పని, ఇప్పటికీ చాలామంది చేయనిది. ఫలితం అనుకున్నట్టు రాకపోతే, వేసిన మార్కులను మళ్లీ కూడే రీకౌంటింగ్‌కు కట్టి ఊరుకోవద్దు. రీవెరిఫికేషన్‌కు కడితే జవాబు పత్రం స్కాన్ కాపీ ఇస్తారు. మార్కు పెరిగినా పెరగకపోయినా ఆ కాపీ పిల్లవాడితో కలిసి చూడండి. బుక్‌లెట్‌లో చివరి పేజీలు ఖాళీగా ఉంటే టైమ్ సమస్య. పేజీలన్నీ నిండి మార్కులు రాకపోతే స్టెప్పుల సమస్య. మధ్యమధ్యలో సగం జవాబులుంటే పాఠమే అర్థం కాలేదు. మూడింటికీ మందు వేరు. ట్యూషన్‌లో చేర్పించడం మూడో దానికి మాత్రమే పనికొస్తుంది. కానీ మనం మూడింటికీ ట్యూషనే పెట్టిస్తాం.

2022 మేలో ఈ బ్యాచ్ రెండో ఏడాది పరీక్షలు రాసింది. తెలంగాణలో 67 శాతం పాసయ్యారు. ఆరునెలల ముందు 49 శాతం దగ్గర ఆగినవాళ్లే ఇక్కడికి వచ్చారు. మధ్యలో వచ్చిన మార్పేమిటి? కాలేజీకి వెళ్లారు, రాశారు, దిద్దించుకున్నారు. అదే ఏడాది ఆంధ్ర టెన్త్‌లో 67.26 శాతమే పాసయ్యారు. ఆ పిల్లలకు ఎనిమిదో తరగతి చివర్లో బడి మూతపడింది, తొమ్మిదిలోనూ నెలల తరబడి ఇంట్లోనే గడిచింది, ఆ నష్టం పదో తరగతికి వచ్చాక తేలింది. కాబట్టి పబ్లిక్ పరీక్ష లేని తరగతులను కూడా వదిలేయకూడదు.

ఇంటర్ బోర్డులను తల్లిదండ్రులు అడగాల్సింది పెద్ద సంస్కరణ ఏమీ కాదు. ఏడాదికి రెండు రాత పరీక్షలు, అర్ధ సంవత్సరానిదొకటి, ప్రీఫైనల్ ఒకటి. మూడు గంటలు, పెన్ను కాగితంతో. ప్రశ్నపత్రం బోర్డు పంపాలి, కాలేజీ పెట్టాలి, పక్క కాలేజీ లెక్చరర్ దిద్దాలి. పదిహేను రోజుల్లో మార్కులు బోర్డు సర్వర్‌లో పడాలి, ఆ తర్వాత మార్చడానికి వీల్లేకుండా. జవాబు పత్రాలు పిల్లలకు ఒకసారి చూపించి, మెమో వచ్చేదాకా కాలేజీలోనే భద్రపరచాలి. దిద్దడానికి డబ్బు ఖర్చవుతుంది, నిజమే, ఆ ఖర్చు పరీక్ష ఫీజులో కలిపినా తల్లిదండ్రులు కాదనరు. అంతా బాగున్న ఏడాది ఆ మార్కులు మెమోలోకి రావాల్సిన పని లేదు. ఏదైనా విపత్తు వచ్చి మార్చి పరీక్ష ఆగితే మాత్రం, పిల్లల చేత అదే ఏడాది రాయించిన రెండు పరీక్షల మార్కులు బోర్డు దగ్గర ఉంటాయి.